ర్యాంపు మీద నలభై నిమిషాలు

మిషిగన్‌లో సరస్సులు గడ్డకట్టే రోజులు దగ్గరపడుతున్నాయంటే, ట్రైలరు మీద లాక్కెళ్లే చిన్న తెరచాప పడవలున్న వాళ్లమంతా అక్టోబరులో ఒకే వారాంతంలో ర్యాంపు (పడవలను నీళ్లలోకి దించే, బయటికి లాగే ఏటవాలు దారి) దగ్గర చేరతాం. రద్దీని నేను తప్పుపట్టను. కానీ పడవను నీళ్లలోంచి లాగి, ర్యాంపు మీదే ఆపేసి, తెరచాపలు మడిచి, తాళ్లు విప్పి, స్తంభం దించడం ఏమిటి? కరెంటు తీగలు లేని ఖాళీ స్థలం ఆ పనులకోసమే పక్కన ఉంది కదా! వెనుక పదిమంది చలిలో నిలబడి ఉన్నారన్న ధ్యాస ఉండదా?

నిన్న నా ముందున్న ఆయన నలభై నిమిషాలు తీసుకున్నారు. నా వేళ్లు ఎంతగా కొంకర్లు పోయాయంటే, పడవను ట్రైలరు మీదికి లాగే వించి కొక్కేన్ని పడవ ముక్కుకున్న కడియానికి తగిలించడానికి మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. పైగా, పడవలింకా నీటిలో ఉండగానే నిర్వాహకులు డాక్ (నీళ్ల మీద నిలబడడానికి వేసే వేదిక) తీసేశారు. గాలికి పక్కకు కొట్టుకుపోయే పడవను ఒంటరి మనిషి ఎక్కడ నిలబడి ట్రైలరు మీదికి సరిచేయాలి?

అన్నింటికంటే నన్ను బాధపెట్టేది నాచు. నీళ్లు ఖాళీ చేసి, నీటిమొక్కలు తొలగించాకే రోడ్డెక్కాలని 2019 నుంచి ఇక్కడ చట్టం ఉంది. 1988లో సెయింట్ క్లెయిర్ సరస్సులో కనబడిన జీబ్రా మస్సెల్స్ అనే బయటి జాతి చిన్న ఆలుచిప్పలు ఇలాంటి పడవల వెంటే ఎన్నో సరస్సులకు పాకాయి. అయినా ఆయన ట్రైలరు ఇరుసుకు చుట్టుకున్న నాచును అలాగే వేలాడేసుకుని వెళ్లిపోయారు. పడవలో నీళ్లు పోవడానికి బిరడా తీసి, గుప్పెడు నాచు పీకడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాలు లేని మనిషికి ర్యాంపు మీద నలభై నిమిషాలు ఎక్కడినుంచి వచ్చాయి?