ఆర్గానిక్ కెమిస్ట్రీకి అంత తొందరేమిటి?

డాక్టరు కావాలనుకున్న మా పెద్దమ్మాయి ఇక్కడ అమెరికాలో కాలేజీలో చేరబోయే వేసవిలో, వైద్య కళాశాలకు ముందు చదవాల్సిన నాలుగేళ్ళ డిగ్రీని మూడేళ్ళలో ముగించే ప్రణాళికను భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఎక్సెల్ పట్టికగా వేసింది నేనే. మొదటి సెమిస్టరులోనే కెమిస్ట్రీ, బయాలజీ, కాల్‌క్యులస్, వాటికి తోడు ఒక ప్రొఫెసరు ల్యాబులో పరిశోధన. ఇంటర్ బైపీసీ రెండేళ్ళూ తెల్లవారుజామున లేచి ఎంసెట్‌కు చదివిన నాకు అది పెద్ద బరువుగా తోచలేదు. డిసెంబరులో కెమిస్ట్రీలో సి గ్రేడు వచ్చాక గాని నా లెక్క ఎక్కడ తప్పిందో తెలిసిరాలేదు.

మనం పెరిగిన పద్ధతిలో వారాంతపు పరీక్షల్లో ఎన్ని మార్కులు పోయినా చివరి ర్యాంకు వాటన్నిటినీ కప్పేసేది. ఇక్కడ అలా కప్పేది ఏదీ లేదు. ఎండీ పట్టా ఇచ్చే ఇక్కడి వైద్య కళాశాలల్లో అత్యధికం వాడే ఆమ్‌కాస్ ఉమ్మడి దరఖాస్తులో బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, గణితం గ్రేడ్లను కలిపి సైన్స్ జీపీఏను (గ్రేడ్ల సగటును) విడిగా లెక్కగడతారు. అదే కోర్సు మళ్ళీ చదివి 'ఏ' గ్రేడు తెచ్చుకున్నా పాత సి చెరిగిపోదు, రెండూ లెక్కలోకి వస్తాయి. హైస్కూల్లో ఉండగా కమ్యూనిటీ కాలేజీలో సరదాగా తీసుకున్న కోర్సు గ్రేడును సైతం అందులో చూపించవలసిందే.

కోర్సుల వరుసలో నిజంగా కదపలేనిది కెమిస్ట్రీ మెట్ల దారి ఒక్కటే: ఏడాది జనరల్ కెమిస్ట్రీ, ఆ పైన ఆర్గానిక్, ఆ పైన బయోకెమిస్ట్రీ. బయాలజీని, ఫిజిక్స్‌ను వెసులుబాటును బట్టి అటూ ఇటూ జరుపుకోవచ్చు. వైద్య కళాశాలల ప్రవేశ పరీక్ష ఎమ్‌క్యాట్‌ను 2015లో మార్చినప్పుడు అందులో బయోకెమిస్ట్రీ ప్రాధాన్యం పెరిగి, సైకాలజీ, సోషియాలజీలకు ఒక విభాగమే వచ్చింది కనుక, ఆ పరీక్షకు ముందే వాటిలో ఒక్కో కోర్సైనా చదివి ఉండటం మేలు. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్), అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సుల క్రెడిట్లతో మొదటి మెట్టు దాటేయవచ్చుననుకునేవారు మరొకటి గమనించాలి. కొన్ని వైద్య కళాశాలలు వాటిని ఒప్పుకోవు, మరికొన్ని ఒప్పుకున్నా అదే సబ్జెక్టులో పైస్థాయి కోర్సు అడుగుతాయి.

డిగ్రీ కాగానే వైద్య కళాశాలలో చేరాలంటే ఇదంతా మూడో ఏడాది వసంతానికల్లా పూర్తికావాలి. ఇరుకనిపిస్తే ఒక ఏడాది ఆగవచ్చు. ఇప్పుడు చేరుతున్నవారిలో సగానికి పైగా అలా ఆగి వచ్చినవారే అయినా, మన విందుల్లో మాత్రం గ్యాప్ ఇయర్ అనే మాటను ఇప్పటికీ తప్పిన పరీక్ష గురించి చెప్పినట్టు గొంతు తగ్గించే చెబుతాం.

ఇక చదువు బయట సేవ, పరిశోధన వంటి అనుభవాల సంగతి. దరఖాస్తులో వాటికి పదిహేను గళ్ళుంటాయి. అన్నీ నింపకపోతే నష్టమన్న భయం పిల్లల కంటే మనకే ఎక్కువ. మా అమ్మాయి రెండో ఏడాది నుంచి ప్రతి శనివారం ఒక వృద్ధాశ్రమానికి వెళ్ళేది. పక్షవాతంతో కుడిచేయి పడిపోయిన ఒక పెద్దావిడకు నీళ్ళ గ్లాసు ఎడమవైపు పెట్టి, స్ట్రాను ఆవిడ పెదవికి అందేలా వంచాలని ఎవరూ చెప్పకుండానే మూడో వారానికి గ్రహించింది. ఆ ఒక్కచోటికే రెండేళ్ళు వెళ్ళింది. ఇంటర్వ్యూలో దాని గురించే ఎక్కువసేపు అడిగారట. నేను పట్టుబట్టి చేయించిన వేసవి శిబిరం ఊసే రాలేదు.

మన సంఘంలోని వైద్యులకు కూడా ఒక మనవి. "అంకుల్, షాడోయింగ్ (డాక్టరు వెంట ఉండి పని గమనించడం) లెటర్ ఒకటి ఇవ్వండి" అని రెండు రోజులు వచ్చి వెళ్ళిన పిల్లలకు మొహమాటపడి ఉత్తరాలు ఇవ్వకండి. దానికి బదులు, రోగుల అనుమతితో, వారానికో పూట చొప్పున ఒక సెమిస్టరంతా మీ వెంట నిలబడనివ్వండి. ఈ వృత్తి తమకు వద్దని తేల్చుకునేవారు కూడా అక్కడే తేల్చుకుంటారు.

ఈ ఆగస్టులో మా చిన్నమ్మాయి కాలేజీకి వెళుతోంది. పట్టిక తనే వేసుకుంది. మొదటి సెమిస్టరులో సైన్స్ కోర్సు కెమిస్ట్రీ ఒక్కటే. బయాలజీ రెండో ఏడాదికి జరిగింది. నాకింకా గుబులుగానే ఉంది గాని, ఆ పట్టిక జోలికి పోలేదు.