26వ తేదీకి మిగలని ఆనందం దేనికండీ?

డిసెంబర్ వచ్చిందంటే బెంగళూరులో ఆనందం మీద కూడా ఆఫర్లు పెడతారు. బ్రిగేడ్ రోడ్డు నిండా లైట్లు, ప్రతి మాల్‌లో ఓ పెద్ద చెట్టు, దాని ముందు సెల్ఫీలకు క్యూ. ఇదంతా నాకూ ఇష్టమే, శివాజీనగర్ రస్సెల్ మార్కెట్ దగ్గర బేరమాడి స్టార్ కొనకపోతే నాకు క్రిస్మస్ వచ్చినట్టే ఉండదు. షాపుల వాళ్లతో నాకు పేచీ లేదు, వాళ్ల వ్యాపారం వాళ్లది. నా గొడవంతా మన చర్చి మందిరాలతోనే.

నవంబర్ చివర్నుంచే సెమీ క్రిస్మస్‌లు, అంటే పండక్కి ముందే చేసుకునే క్రిస్మస్ కూడికలు, మొదలు. ఆఫీసు వాళ్లది ఒకటి, యూత్‌ది ఒకటి, స్త్రీల సమాజానిది ఒకటి, అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్లది ఇంకొకటి. అన్నిట్లో అదే కేకు, అదే బిర్యానీ, ముఖ్య అతిథికి అదే శాలువా. పోనీ, అదీ సరదానే. కానీ స్టేజీ మీంచి "ఈ క్రిస్మస్‌కి సొంతిల్లు, వచ్చే క్రిస్మస్‌కి ఫారిన్ ఉద్యోగం, నమ్మినవాళ్లు ఆమెన్ అనండి" అంటుంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. లేఆఫ్ అయిన సంగతి ఇంట్లో చెప్పలేక, రోజూ పొద్దున్నే ల్యాప్‌టాప్ బ్యాగ్ తగిలించుకుని బయటపడే కుర్రాడు కూడా ఆ కుర్చీల్లోనే ఎక్కడో కూర్చుని ఉంటాడు. ఇల్లూ రాలేదు, ఉద్యోగమూ పోయింది, అంటే అతని విశ్వాసం తక్కువైందనా?

అసలు మొదటి క్రిస్మస్‌కి ఎవరికేం దొరికిందో చెప్పండి. లూకా సువార్త తీయండి. నిండు చూలాలికి సత్రంలో చోటు లేదు, బిడ్డను పశువుల తొట్టిలో పడుకోబెట్టారు. దూత వచ్చింది నైట్ డ్యూటీలో ఉన్న గొర్రెల కాపరుల దగ్గరికి. వాళ్లు పరిగెత్తుకెళ్లి చూశారు, దేవుణ్ణి స్తుతిస్తూ తిరిగి వెళ్లారు. ఎక్కడికి? మళ్లీ ఆ గొర్రెల దగ్గరికే కదా! కూలి పెరగలేదు, రోమా వాళ్ల పెత్తనం పోలేదు, హేరోదు రాజు గద్దె దిగలేదు. పైగా బిడ్డను చంపాలని చూసిన ఆ హేరోదు మూలంగా యోసేపు తల్లినీ బిడ్డనూ తీసుకుని రాత్రికి రాత్రే ఐగుప్తుకు పారిపోవాల్సి వచ్చిందని మత్తయి రాశాడు. దూత చెప్పిన మహా సంతోషం ఇలాంటి రోజుల మధ్యకే వచ్చింది. మన బతుకులు చక్కబడ్డాక వస్తానని ఆగకుండా, ఇలా ఉండగానే దేవుడు మన మధ్యకి వచ్చేశాడు, నాకు తెలిసి క్రిస్మస్ సంతోషమంటే అంతే. "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అని అపొస్తలుడు పౌలు రాసింది కూడా జైల్లోంచే, ఏ సెమీ క్రిస్మస్ స్టేజీ మీంచో కాదు.

కేథలిక్, ఆంగ్లికన్ లాంటి పాత సంఘాల క్యాలెండర్ చూడండి. 25న క్రిస్మస్, 26న యేసును నమ్మినందుకు జనం రాళ్లతో కొట్టి చంపేసిన స్తెఫను దినం, 28న హేరోదు చంపించిన పసిబిడ్డల దినం. పండగ మధ్యలో ఈ చావుల గొడవెందుకని వాళ్లు అనుకోలేదు, పక్కపక్కనే పెట్టారు. మనమేమో 26న సీరియల్ లైట్లు చుట్టేసి, పొట్టలో గ్యాస్‌తో పడుకుంటాం.

మొన్న క్యారల్స్ రౌండ్స్‌లో మారతహళ్లి వైపు ఒకింటికి వెళ్లాం. ఆ ఇంటి ఆంటీ భర్త పోయి ఇంకా ఏడాది కాలేదు. అయినా గుమ్మానికి స్టార్ వెలుగుతోంది. ఏడాది తిరక్కుండా ఇదేంటని ఊర్నుంచి ఫోన్ చేసి మరీ తిట్టారట. "మా ఆయన లేడని యేసయ్య పుట్టకుండా ఉంటాడా బాబూ?" అంది. మేం పాడుతుంటే రెండో చరణంలో ఆవిడ గొంతు పట్టేసింది, కొంగుతో ముక్కు తుడుచుకుని మూడో చరణానికి మళ్లీ అందుకుంది, శ్రుతి తప్పుతూనే. తర్వాత అందరికీ అరిసెలు పెట్టి, డప్పు కొట్టే పిల్లాడికి రెండు ఎక్కువ ఇచ్చింది. ఆవిడని స్టేజీ ఎక్కించి సాక్ష్యం చెప్పమని ఎవరూ పిలవరు. చెప్పడానికి ఆవిడ దగ్గర కొత్త ఇల్లు లేదు మరి.

కాబట్టి కమిటీ పెద్దలకు నాదో మనవి. సెమీ క్రిస్మస్‌లు ఓ రెండు తగ్గించుకుని 26న మందిరం తలుపులు తీసి ఉంచండి. ప్రసంగం వద్దు, శాలువాలు వద్దు, టీ ఉంటే చాలు. మడివాళలో ప్రైవేటు బస్సుల రేట్లు చూసి ఊరెళ్లలేక పీజీల్లో ఉండిపోయిన పిల్లలు వస్తారు, ఆ ల్యాప్‌టాప్ బ్యాగ్ కుర్రాడూ రావచ్చు. మా పాస్టరుగారితో ఇదే అంటే, మంచి ఆలోచన బ్రదర్, కమిటీలో పెడదాం అన్నారు. మీటింగ్ జనవరిలోనట.