ఫాలౌట్ 5లో రాజ్యం బ్రదర్‌హుడ్‌దేనా?

అణుయుద్ధం తర్వాతి అమెరికాలో సాగే ఫాలౌట్ వీడియో గేమ్‌లలో, ఇంకా రాని ఫాలౌట్ 5 గురించి మాట మొదలైతే చాలు, ఈ మధ్య ఒకే వాదన చేతులు మారి మారి నా దగ్గరికి వస్తోంది. పాత టెక్నాలజీని పోగుచేసి దాచే బ్రదర్‌హుడ్ ఆఫ్ స్టీల్ అనే సైనిక వర్గం గురించిన ఆ వాదన సారం ఇది: "వచ్చే గేమ్‌లో బ్రదర్‌హుడ్ ఆఫ్ స్టీలే కొత్త అమెరికా ప్రభుత్వం. ప్రతి ఫాలౌట్‌లోనూ వాళ్ళు ఉన్నారు. జనాన్ని కాపాడటానికే పుట్టారు. ఫాలౌట్ 4లో గెలిచింది వాళ్ళేనని టీవీ సీరీస్‌లో కనిపించిన ఎయిర్‌షిప్ తేల్చేసింది. వాళ్ళకి ఎదురు నిలిచే బలం ఇంకెవరికీ లేదు." నా స్నేహితులే ముగ్గురు దీన్ని పంపారు. ముగ్గురూ అది జరిగిపోయిన విషయమన్నట్టే మాట్లాడారు.

బ్రదర్‌హుడ్ అంటే నాకు చాలా ఇష్టం. ఫాలౌట్ 3లో మొదటిసారి వాళ్ళ పవర్ ఆర్మర్ (ఒళ్ళంతా కప్పే యంత్ర కవచం) అడుగుల చప్పుడు విన్నప్పటి నుంచీ ఇష్టం. అందుకే ఈ వాదన చూస్తే బాధేస్తుంది. గేమ్‌లు ఇంతకాలం ఓపిగ్గా చెప్పుకుంటూ వచ్చిన కథని ఇది ఒక్క దెబ్బతో చెరిపేస్తోంది.

ముందు మన చేతిలో ఏముందో చూద్దాం. తమ ఇంకో గేమ్ ఎల్డర్ స్క్రోల్స్ 6 తర్వాతే ఫాలౌట్ 5 అని, దాన్ని తీయాల్సిన బెథెస్డా కంపెనీలో గేమ్ డైరెక్టర్ టాడ్ హావర్డ్ 2022లో చెప్పాడు. ఎల్డర్ స్క్రోల్స్ 6ని ప్రకటించింది 2018లో. ఫాలౌట్ 5 కథ ఏ ఊళ్ళో, ఏ సంవత్సరంలో జరుగుతుందో బెథెస్డా చెప్పలేదు. కాబట్టి వాళ్ళదీ ఊహే, నాదీ ఊహే. కానీ ఊహకైనా పాత గేమ్‌లలో ఒక ఆధారం ఉండాలి కదా. ఆ ఆధారాలు ఎటు చూపిస్తున్నాయన్నదే నా ప్రశ్న.

"ప్రతి గేమ్‌లోనూ ఉన్నారు" అన్నది నిజమే. 1997లో వచ్చిన మొదటి గేమ్ అట్ట మీద కూడా పవర్ ఆర్మరే ఉంది. వచ్చే గేమ్‌లో కూడా ఉంటారని నేనూ నమ్ముతున్నాను. కానీ ఉండటం వేరు, ఏలడం వేరు. ఫాలౌట్ 2లో బ్రదర్‌హుడ్ ఎలా ఉందో గుర్తు తెచ్చుకోండి. కథాకాలం 2241. డెన్ అనే ఊళ్ళో ఒకటి, ఎన్‌సీఆర్‌లో (న్యూ కాలిఫోర్నియా రిపబ్లిక్ అనే కొత్త దేశంలో) ఒకటి, శాన్ ఫ్రాన్సిస్కోలో ఒకటి, చిన్న చిన్న అవుట్‌పోస్టులు. శాన్ ఫ్రాన్సిస్కోలో మాథ్యూ అనే అతను, నవారోలో ఎన్‌క్లేవ్ (పాత అమెరికా ప్రభుత్వంలో మిగిలిన వర్గం) దాచుకున్న వర్టిబర్డ్ అనే హెలికాప్టర్ ప్లాన్లు దొంగిలించి తెమ్మని అడుగుతాడు. టెక్నాలజీకి మేమే కాపలాదారులం అనుకునే వర్గం, ఇంకొకరి హెలికాప్టర్ ప్లాన్ల కోసం దారిన పోయేవాడిని బతిమాలుకునే స్థితి అది. అదే కాలంలో ఎన్‌సీఆర్‌కి ఐదు రాష్ట్రాలు, 7 లక్షల జనాభా, ఎన్నికలు, పన్నులు ఉన్నాయి. ప్రభుత్వమంటే అదీ.

"జనాన్ని కాపాడటానికే పుట్టారు" అన్న మాట దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే అసలు తప్పు ఇక్కడే మొదలవుతోంది.

2077 అక్టోబర్. మారిపోసా సైనిక స్థావరం. అక్కడి శాస్త్రవేత్తలు ఖైదీల మీద ఎఫ్‌ఈవీ అనే, మనుషుల్ని మ్యూటెంట్లుగా మార్చే వైరస్ ప్రయోగాలు చేస్తున్నారని కాపలా సైనికులకి తెలుస్తుంది. కెప్టెన్ రోజర్ మాక్సన్ ఆ శాస్త్రవేత్తలని చంపించి, అక్టోబర్ 20న రేడియోలో "మేము ఇక మీ సైన్యం కాదు" అని ప్రకటిస్తాడు. మూడు రోజులకి, అక్టోబర్ 23న బాంబులు పడతాయి. మాక్సన్ సైనికులనీ వాళ్ళ కుటుంబాలనీ వెంటబెట్టుకుని ఎడారి దాటి లాస్ట్ హిల్స్ బంకర్‌కి చేరతాడు. బ్రదర్‌హుడ్ పుట్టుక ఇదీ. ఇందులో ధైర్యం ఉంది, మనస్సాక్షి ఉంది. కానీ ఆ భయంలోంచి వాళ్ళు నేర్చుకున్న పాఠం ఏమిటి? ప్రపంచాన్ని తగలబెట్టిన యంత్రాలు మామూలు జనం చేతిలో పడకూడదు. దాచాలి, కాపలా కాయాలి. వాళ్ళ నియమాల పుస్తకం కోడెక్స్‌కి ఇదే పునాది. అందులో కాపాడాల్సిన వస్తువు యంత్రం. జనం ఆ యంత్రాన్ని తాకకుండా చూడాల్సిన వాళ్ళు.

మొదటి గేమ్‌లో బంకర్ గేటు దగ్గర కాబట్ అనే కుర్రాడు ఉంటాడు. మర్యాదగానే మాట్లాడతాడు. లోపలికి చేర్చుకోండి అంటే, ముందు ద గ్లో అనే శిథిలానికి వెళ్ళి ఒక పాత డిస్క్ తెమ్మంటారు. నేను మొదటిసారి రాడ్-ఎక్స్ అనే రేడియేషన్ మందు వేసుకోకుండా వెళ్ళాను. ఆ గొయ్యిలోకి దిగాలంటే తాడు కావాలి. తాడు కట్టి దిగాను, రెండు అంతస్తులు తిరిగాను, తిరిగి వచ్చే దారిలో రేడియేషన్‌తో చచ్చాను. సేవ్ ఫైల్ లోడ్ చేసి, మందులు కొనుక్కుని మళ్ళీ వెళ్ళి తెస్తే అప్పుడు అర్థమైంది: నేను బతికి వస్తానని వాళ్ళు అసలు అనుకోలేదు. వదిలించుకోవడానికే పంపారు. తలుపు తట్టిన మనిషిని చావుకి పంపడం వాళ్ళకి ఒక సరదా. జనం కోసం పుట్టిన వర్గం చేసే పనేనా ఇది?

"మరి ఫాలౌట్ 3 సంగతేంటి?" అంటారు. నిజమే, మనలో చాలామందికి బ్రదర్‌హుడ్ అంటే ఎల్డర్ (అంటే నాయకుడు) ఓవిన్ లయన్సే. పాడైపోయిన పెంటగన్‌ని కోటగా చేసుకుని, సూపర్ మ్యూటెంట్ల (ఆ వైరస్ వల్ల రాక్షసుల్లా మారిన మనుషుల) నుంచి వాషింగ్టన్ జనాన్ని కాపాడిన పెద్దాయన. కానీ ఆయన ఆ పని చేసినందుకు ఏం జరిగింది? లాస్ట్ హిల్స్ నుంచి సాయం ఆగిపోయింది. సొంత మనుషులే ప్రొటెక్టర్ కాస్డిన్ వెంట బయటికి పోయి, ఆర్మర్‌కి నలుపు, ఎరుపు రంగులు వేసుకుని అవుట్‌కాస్టులు అయ్యారు. వాళ్ళ దృష్టిలో దారి తప్పింది లయన్స్. కోడెక్స్ చదివితే వాళ్ళు చెప్పేది తప్పనీ అనలేం. లయన్స్ మంచితనం బ్రదర్‌హుడ్ నియమం కాదు, బ్రదర్‌హుడ్‌ని ఎదిరించి ఒక మనిషి తీసుకున్న నిర్ణయం. ఆయన పోయారు, ఆయన కూతురు సారా పోయింది. రోజర్ మాక్సన్ వంశంవాడైన ఆర్థర్ మాక్సన్ పదహారేళ్ళకే ఎల్డర్ అయ్యాడు, అవుట్‌కాస్టులు వెనక్కి వచ్చారు. ఫాలౌట్ 4 మొదలయ్యేసరికి లయన్స్ దారి మూసుకుపోయింది.

ఫాలౌట్ 4లో బ్రదర్‌హుడ్ ఎయిర్‌షిప్ ప్రిడ్వెన్ మీద టీగన్ అని సరుకుల లెక్కలు చూసే అధికారి ఉంటాడు. చుట్టుపక్కల పొలాల నుంచి సైన్యానికి తిండి తెమ్మంటాడు. ఎలా తెచ్చినా సరే. డబ్బిచ్చి కొనొచ్చు, మాటలతో ఒప్పించొచ్చు, బెదిరించి కూడా లాక్కోవచ్చు. నేను వెళ్ళిన పొలంలో నాలుగు టేటో (ఆ గేమ్‌లోని ఒక పంట) మొక్కలు, ఒక నీళ్ళ పంపు, రేకుల షెడ్డు. అక్కడి రైతుకి నేనెవరో తెలీదు, కానీ నేను వేసుకున్న ఆర్మర్ ఎవరిదో తెలుసు. నేను డబ్బిచ్చే కొన్నాను. అయినా ఆ ముఖం చూశాక అనిపించింది: నేను వెళ్ళిపోయాక ఇంకో నైట్ (బ్రదర్‌హుడ్ సైనికుడు) వస్తే, వాడి దగ్గర డబ్బులు లేకపోతే? గేమ్‌లో అంత పెద్ద ఎయిర్‌షిప్ ఉంది, వర్టిబర్డ్‌లు ఉన్నాయి, లిబర్టీ ప్రైమ్ అనే పెద్ద రోబో ఉంది. బ్రదర్‌హుడ్ వేసిన పొలం మాత్రం నాకు ఒక్కటి కూడా కనపడలేదు. సొంతంగా తిండి పండించుకోని వర్గం ఒక దేశాన్ని నడుపుతుందంటే ఎలా నమ్మాలి?

ఇక ఎయిర్‌షిప్ సాక్ష్యం. 2024 ఏప్రిల్‌లో ప్రైమ్ వీడియోలో సీరీస్ వచ్చినప్పుడు అందులోని ఎయిర్‌షిప్‌ని చూసి ప్రిడ్వెన్ అనుకున్నవాళ్ళు చాలామంది. కానీ దాని పేరు కాస్వెనన్. అది వేరే ఓడ. పైగా, ప్రిడ్వెన్ కూలలేదనుకున్నా బ్రదర్‌హుడ్ గెలిచినట్టు రుజువవదు. ఫాలౌట్ 4లో మినిట్‌మెన్ అనే జనసేన తరఫున ఆడి, ఇన్‌స్టిట్యూట్ అనే శాస్త్రవేత్తల వర్గాన్ని పేల్చేసి, బ్రదర్‌హుడ్‌తో గొడవ పెట్టుకోకుండా ఉంటే ఆ ఎండింగ్‌లో కూడా ప్రిడ్వెన్ ఆకాశంలోనే ఉంటుంది. ఫాలౌట్ 4 కథ జరిగే బాస్టన్‌ని ఎవరు ఏలుతున్నారో ఆ ఓడని చూసి చెప్పలేం.

అదే సీరీస్‌లో మాక్సిమస్ అనే కుర్రాడు బ్రదర్‌హుడ్‌లో గడిపిన జీవితం చూడండి. కొట్టుకునే కుర్రాళ్ళు, పిరికి నైట్ టైటస్, అంతా అయ్యాక బ్రదర్‌హుడ్‌ని కొత్తగా మొదలుపెట్టాలని కలలు కనే నాయకుడు క్వింటస్. ఆ జెండా కింద ఉన్న పెద్ద మనిషికే తన సంస్థ మీద నమ్మకం లేదు.

"ఎదురు నిలిచే బలం ఎవరికీ లేదు" అన్నది నాకు అన్నిటికన్నా బలహీనమైన మాట. 2276లో హీలియోస్ వన్ సోలార్ ప్లాంట్ కోసం బ్రదర్‌హుడ్ ఎన్‌సీఆర్‌తో పోరాడి ఓడిపోయింది. ఎల్డర్ ఎలైజా మాయమయ్యాడు. మిగిలినవాళ్ళు హిడెన్ వ్యాలీ బంకర్‌లో తలుపులు వేసుకుని కూర్చున్నారు. ఫాలౌట్: న్యూ వెగాస్ గేమ్‌లో మనం ఆ బంకర్‌కి వెళ్తే మెడకి పేలుడు కాలర్ బిగించి మరీ మాట్లాడతారు. సైనికులు మామూలువాళ్ళే కావచ్చు, రైఫిళ్ళు పాతవే కావచ్చు, ఎన్‌సీఆర్ దగ్గర మనుషులు ఉన్నారు. ఒకడు పోతే ఇంకొకడు వస్తాడు. పవర్ ఆర్మర్ లోపలి మనిషి పోతే హిడెన్ వ్యాలీలో ఆ చోటు ఖాళీగానే ఉంటుంది.

ఇది ఆ గేమ్‌లో మనతో తిరిగే వెరోనికా కన్నా బాగా ఎవరూ చెప్పలేదు. ఆ అమ్మాయి బంకర్‌లోనే పెరిగింది. బయటివాళ్ళని చేర్చుకోకపోతే మనం అంతరించిపోతామని తనకి తెలుసు. మనం తనతో కలిసి ఎడారంతా తిరిగి ఏదో ఒక పాత టెక్నాలజీ సంపాదించి తెస్తాం. వాల్ట్ 22 అనే పాత భూగర్భ షెల్టర్‌లోని పంటల సమాచారం కూడా వాటిలో ఒకటి. అది తీసుకెళ్ళి ఎల్డర్ మెక్‌నమారా ముందు పెడుతుంది. ఆయన వింటాడు. కోప్పడడు. ఆమె చెప్పింది తప్పని కూడా గట్టిగా అనడు. మేము మారలేం అంటాడు, అంతే. నేను వెరోనికాని వెళ్ళిపొమ్మన్నాను. ఆమె, జనానికి వైద్యం చేసే ఫాలోవర్స్ అనే వర్గపు డాక్టర్ల దగ్గర చేరదామని వెళ్ళింది. చేర్చుకునే ముందు వాళ్ళు కాస్త ఆలోచించుకుంటామన్నారు. మళ్ళీ వెళ్ళేసరికి ఆ గుడారంలో అందరూ చచ్చి పడి ఉన్నారు. చంపింది బ్రదర్‌హుడ్ పాలడిన్లు, అంటే వాళ్ళ పై స్థాయి యోధులు. వెరోనికా నోటి వెంట బంకర్ రహస్యాలు బయటికి పోతాయన్న భయంతో వైద్యం చేసేవాళ్ళని చంపారు. నేను కంట్రోలర్ పక్కన పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఈ వర్గాన్ని "కొత్త అమెరికా ప్రభుత్వం" అని ఎవరైనా అంటే నా కళ్ళ ముందుకి ఆ గుడారమే వస్తుంది.

చాలామందికి గుర్తులేని విషయం ఇంకొకటి ఉంది. బ్రదర్‌హుడ్ రాజ్యమేలితే ఏమవుతుందో మొదటి గేమే రాసిపెట్టింది. ఫాలౌట్ 1 మంచి ఎండింగ్‌లో బ్రదర్‌హుడ్ తన టెక్నాలజీని మెల్లగా జనంలోకి పంపి, అధికారానికి దూరంగా ఉండిపోయి, పరిశోధన చేసుకుంటుంది. అధికారానికి దూరంగా ఉండటం వాళ్ళ తెలివి అని గేమే మెచ్చుకుంటుంది. పాలడిన్ల నాయకుడు రాంబస్ చనిపోతే వచ్చేది రెండో ఎండింగ్. అందులో వాళ్ళు మతపిచ్చి పట్టిన నియంతలవుతారు, అప్పుడే పుట్టిన ఎన్‌సీఆర్‌ని నాశనం చేస్తారు, వెయ్యేళ్ళు సాగగల చీకటి మొదలవుతుంది. అంటే ఇప్పుడు మనవాళ్ళు ఆశగా పంచుకుంటున్న భవిష్యత్తుని ఈ కథ మొదలుపెట్టినవాళ్ళు 1997లోనే పీడకలగా రాశారు.

మరి ఫాలౌట్ 5లో ఏం ఉంటుందనుకుంటున్నాను? చీలిక. ప్రతిసారీ అదే జరిగింది: లయన్స్, కాస్డిన్. వెరోనికా, మెక్‌నమారా. ఫాలౌట్ 4లో సొంత పాలడిన్ డాన్స్ సింత్ (మనిషిలా కనిపించే కృత్రిమ జీవి) అని తెలియగానే చంపమని మాక్సన్ మనకే ఆజ్ఞ ఇస్తాడు, అదీ ఇంకో రకం చీలికే. బెథెస్డా ఈ గొడవ మీద ఎంత శ్రద్ధ పెట్టిందో చూడాలంటే ఫాలౌట్ 76కి 2020లో వచ్చిన స్టీల్ డాన్, 2021లో వచ్చిన స్టీల్ రెయిన్ ఆడండి. కాలిఫోర్నియా నుంచి అపలేషియా దాకా నడిచొచ్చిన చిన్న దండు, ఫోర్ట్ అట్లస్ అనే ఒక్క కోట. పాలడిన్ రహ్మానీ ముందు జనం అంటుంది, లాస్ట్ హిల్స్ ఆజ్ఞలకి కట్టుబడనంటుంది. నైట్ షిన్ ఆజ్ఞ ఆజ్ఞే అంటాడు. ఇద్దరూ మంచివాళ్ళే, ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ప్రాణాలిచ్చేంత దూరం కలిసి నడిచినవాళ్ళే. చివరికి ఎవరు ఉండాలో మనమే చెప్పాలి.

ఫాలౌట్ 5లో నాకు కావలసింది ఇదే, పెద్ద ఎత్తున. ఒకే ప్రాంతంలో రెండు బ్రదర్‌హుడ్‌లు. ఒకటి గేటు తెరిచి రైతు బిడ్డలని స్క్రైబులుగా (పరిశోధకులుగా) చేర్చుకునేది, రెండోది ఆ గేటునే పాపమనేది. మనం వేసుకున్న ఆర్మర్ చూసి పొలం దగ్గర ఆ రైతు అడగాలి: "మీరు ఏ బ్రదర్‌హుడ్?" నేను రహ్మానీ వైపే నిలబడ్డాను, అప్పుడూ అటే నిలబడతాను.