పులి ఎదుట కాకి: బాలవిహారాల సంస్కరణకు ఒక ప్రతిపాదన

మన దేశంలో సంఘం వేయని సమస్య దాదాపుగా లేదు. నదుల నీళ్ళు పంచడానికి ట్రిబ్యునళ్ళు ఉన్నాయి, ఉద్యోగుల జీతాలు తేల్చడానికి వేతన సవరణ సంఘాలు ఉన్నాయి, పాత సంఘం నివేదికను పరిశీలించడానికి కొత్త సంఘాలు కూడా ఉన్నాయి. అయితే ఐదేళ్ళు నిండని పిల్లవాణ్ణి సెలవురోజున బయటికి తీసుకువెళ్ళి, చూపించదలచినవన్నీ చూపించి, వీలైతే రెండు కాళ్ళకూ చెప్పులు ఉండగానే ఇంటికి తిరిగి చేర్చడమనే మహాకార్యాన్ని మాత్రం ఏ ప్రభుత్వమూ పట్టించుకున్న దాఖలా కనిపించదు. ఈ లోటును నా శక్తి మేరకు పూరించే ఉద్దేశంతో, పార్కుల్లోనూ బస్సుల్లోనూ క్యూల్లోనూ సాగించిన దీర్ఘకాలిక పరిశీలన ఆధారంగా, కొన్ని నిర్ణయాలను పెద్దల ముందు ఉంచుతున్నాను.

అన్నిటికన్నా ముందు మూలసూత్రం చెప్పుకోవాలి. చూడదగిన వస్తువు ఎంత దూరంలో, ఎంత ప్రఖ్యాతితో, ఎంత టికెట్టుతో ఉంటే పిల్లవాడికి దాని మీద ఆసక్తి అంత తగ్గుతుంది. అలా తగ్గిన ఆసక్తి వృథా పోకుండా, పక్కనే ఉచితంగా పడి ఉన్న మరో వస్తువు మీదికి చేరుతుంది. ఈ సూత్రానికి భంగం కలిగించిన పిల్లవాడు నాకు ఇంతవరకూ తారసపడలేదు. పెద్దలకు మాత్రం ఈ సంగతి తలకెక్కదు. వాళ్ళు వారం ముందు నుంచే 'శనివారం జూకు వెళ్దాం, పులిని చూద్దాం' అని పిల్లవాడికి నూరిపోస్తూ ఉంటారు. వాడు తలూపుతాడు. ఆ తలూపడాన్ని అంగీకారంగా భావించడం దగ్గరే మన ప్రణాళికా లోపం మొదలవుతుంది.

బయలుదేరడమన్నది ఒక ప్రత్యేక శాస్త్రం గనుక దాన్ని కొంచెం వివరంగా చూడాలి. శనివారం రాహుకాలం తొమ్మిదింటికి మొదలై పదిన్నరకు ముగుస్తుంది. రెండో శనివారం సెలవు ఇచ్చిన ప్రభుత్వానికి ఈ విషయం తట్టలేదు గానీ, ఇంట్లో నాయనమ్మకు తట్టకుండా ఉండదు. "ఒరేయ్, తొమ్మిది దాటిందంటే పదిన్నర దాకా గడప దాటేది లేదు" అని ఆమె ముందు రోజు రాత్రే తాఖీదు ఇస్తుంది. అందుచేత ఉదయం ఆరు నుంచే యుద్ధసన్నాహాలు జరుగుతాయి. పులిహోర ఒక డబ్బాలో, పెరుగన్నం మరో డబ్బాలో, ఆ పెరుగన్నం పులిస్తే తినిపించడానికి బిస్కట్లు, అవి తినకపోతే అరటిపళ్ళు, రెండు జతల బట్టలు, ఆ రెండూ తడిస్తే ఉంటుందని మూడో నిక్కరు, తువ్వాలు, నీళ్ళ సీసాలు, జ్వరం మందు, ఎందుకైనా మంచిదని గొడుగు: ఇవన్నీ ఒకే సంచిలో ఇమిడాక, ఆ సంచిని మోసేవాడికి చేతులు ఖాళీ ఉండవు గనుక పిల్లవాణ్ణి ఎవరు ఎత్తుకోవాలన్న ప్రశ్న తలెత్తుతుంది. దానికి సమాధానం దొరికేలోగా గడియారం ఎనిమిదీ యాభై చూపిస్తుంది.

సరిగ్గా అప్పుడే పిల్లవాడు చెప్పులు తనే వేసుకుంటానని కూర్చుంటాడు. స్వావలంబన మంచిదే. ఎడమ చెప్పు కుడి కాలికి తొడిగి, అది ఎక్కడం లేదని విప్పి, మళ్ళీ అదే కాలికి తొడుగుతున్నప్పుడు మధ్యలో ఎవరైనా చెయ్యి వేస్తే మొత్తం కార్యక్రమం మొదటికి వస్తుంది. ఎట్టకేలకు రెండూ ఎక్కిన తర్వాత, తొమ్మిదికి రెండు నిమిషాలు ఉందనగా, వాడు లేచి నిలబడి గంభీరమైన ముఖంతో "అమ్మా, కక్క" అని ప్రకటిస్తాడు. రాహువు కన్నా బలమైన గ్రహం మరొకటి ఉందని పంచాంగకర్తలు ఇప్పటికైనా గుర్తించాలి.

ఇలాంటి సంకటం కోసమే మన పూర్వులు ప్రస్థానం అనే ఉపాయాన్ని కనిపెట్టారు. మనిషి ముహూర్తానికి కదలలేకపోతే, అతని సామానులో ఏదో ఒకటి ముందుగా గడప దాటించి పొరుగింట్లో ఉంచితే చాలు, ప్రయాణం మొదలైనట్టే లెక్క. ఈ సంప్రదాయాన్ని ఒక అపార్ట్‌మెంటులో నిష్ఠగా పాటించారు. తొమ్మిదికి ఒక నిమిషం ముందు నాయనమ్మ ఆ సంచిని ఎదురింట్లో పెట్టి వచ్చింది. ఎదురింటివారు, పాపం, ఆ సంచి సంగతి పూర్తిగా మరిచి, తొమ్మిదీ పదికి తలుపుకు తాళం వేసి కూరగాయలకు వెళ్ళిపోయారు. పులిహోర, మూడో నిక్కరు, గొడుగు శుభముహూర్తంలో బయలుదేరి లోపలే ఉండిపోయాయి. కుటుంబం మాత్రం రాహుకాలమంతా మెట్ల మీద కూర్చుని గడిపింది. ఈ గంటన్నరలో పిల్లవాడు మెట్లు ఎక్కి దిగాడు, దిగి ఎక్కాడు, రెయిలింగు ఊచలు ఒక్కొక్కటే నాకి రుచి చూశాడు. ఆ రోజు మొత్తం మీద వాడు నిజంగా ఆనందించిన ఘట్టం అదేనని తర్వాత అందరూ ఒప్పుకున్నారు.

ప్రయాణం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచీ ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి టికెట్టు ఉచితం. నాయనమ్మకు సున్నా టికెట్టు, అమ్మకు సున్నా టికెట్టు, పిల్లవాడికి వయసు చాలదు గనుక అసలు టికెట్టే లేదు. డబ్బు ఇచ్చేది తండ్రి ఒక్కడే, నిలబడేదీ అతనే. కిటికీ పక్క సీటు మాత్రం ఏ పథకంలోనూ లేని హక్కుతో పిల్లవాడిదే.

ఇక జూ. హైదరాబాదులో మీరాలం చెరువు పక్కన సుమారు 380 ఎకరాల్లో విస్తరించిన నెహ్రూ జంతు ప్రదర్శనశాలను 1963లో ప్రజలకు తెరిచారు. పులులు, సింహాలు, ఏనుగులు, ఖడ్గమృగాలు, వాటిని చుట్టి రావడానికి బొమ్మ రైలు, నడవలేనివారికి బ్యాటరీ బండ్లు, అన్నీ ఉన్నాయి. ఇంత ఏర్పాటు దాటుకుని కుటుంబం పులి ఎదుటికి చేరుతుంది. పగటిపూట పులికి ప్రధాన వ్యాసంగం నిద్ర. అది చెట్టు నీడన వీపు ఇటు తిప్పి పడుకుని ఉంటుంది. తండ్రి పిల్లవాణ్ణి భుజాలకు ఎత్తుకుని, "అదిగో నాన్నా, పులి! మన జాతీయ జంతువు! చారలు చూశావా?" అని మొదలుపెడతాడు. అమ్మ ఫోను తీస్తుంది. నాయనమ్మ, వీలైతే ఆ పులిని ఒకసారి లేవమని ఎవరైనా చెప్పాలని చుట్టూ చూస్తుంది. అప్పుడు పిల్లవాడు కళ్ళు పెద్దవి చేసి, వేలు చాచి, జీవితంలో మొదటిసారి చూసినంత ఆశ్చర్యంతో కేక పెడతాడు.

"కాకి!"

కంచె మీద నిజంగానే ఒక కాకి ఉంటుంది. అది రోజూ వాళ్ళ పిట్టగోడ మీద వాలి, వాడి చేతిలోని దోసెముక్క ఎత్తుకుపోయే కాకికి దగ్గరి బంధువే అయి ఉంటుంది. తండ్రి వాడి గడ్డం పట్టుకుని ముఖాన్ని పులి వైపు తిప్పుతాడు. చెయ్యి వదలగానే ముఖం స్ప్రింగులా మళ్ళీ కాకి వైపు తిరుగుతుంది. కాకి ఎగిరిపోతే వాడి దృష్టి కింద చీమల బారు మీదికి, అక్కణ్ణుంచి ఎవరో పారేసిన ఐస్‌క్రీము పుల్ల మీదికి, అక్కణ్ణుంచి కుళాయి మీదికి మారుతుంది. పులికి మాత్రం వాడి దృష్టిలో వంతు రాదు. అయినా ఫొటోలో పులి, పిల్లవాడు ఇద్దరూ పడతారు. ఇద్దరూ వేరే వైపు చూస్తూ ఉంటారు. సాయంత్రానికి ఆ ఫొటో 'పులిని చూసి మురిసిపోయిన బుజ్జిగాడు' అన్న మాటలతో బంధువులందరి వాట్సాప్‌కూ చేరుతుంది. చరిత్ర రచనలో ఆధారాల వినియోగం గురించి చర్చించే పండితులు దీన్ని కూడా పరిశీలిస్తే బాగుంటుంది.

మూలసూత్రానికి ఒకే ఒక్క మినహాయింపు నా దృష్టికి వచ్చింది. అది సాలార్‌జంగ్ మ్యూజియంలోని సంగీత గడియారం. అందులో ఒక కమ్మరి బొమ్మ సెకనుకోసారి సుత్తితో కొడుతూ ఉంటుంది. గంట అయ్యేసరికి చిన్న తలుపు తెరుచుకుని ఒక గడ్డం బొమ్మ బయటికి వచ్చి, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతుంది. దీన్ని పిల్లలు నిజంగానే నోరు తెరుచుకుని చూస్తారు. కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. మధ్యాహ్నం పన్నెండింటికి పన్నెండు దెబ్బలూ విన్న పిల్లవాడు, తలుపు మూసుకున్న మరుక్షణం "మళ్ళీ కొట్టమను" అంటాడు. గంట ఆగాలని చెబితే వాడికి అర్థం కాదు, ఆ బొమ్మను మేల్కొలపడానికి తండ్రికి మనసు లేదనే అనుకుంటాడు. ఏడుపుకు తట్టుకోలేక కుటుంబం మొత్తం ఆ వసారాలోనే గంటసేపు కూర్చుంటుంది. ఒంటిగంట అవుతుంది. తలుపు తెరుచుకుంటుంది. బొమ్మ వస్తుంది, ఒకే ఒక్క దెబ్బ కొడుతుంది, వెళ్ళిపోతుంది. పిల్లవాడు తండ్రి వైపు చూసే ఆ చూపును భరించడం కన్నా ఏడుపు వినడమే నయం. చిన్నపిల్లలున్నవారు పన్నెండింటి ఆటకు వెళ్ళరాదని ద్వారం దగ్గరే ఒక బోర్డు పెట్టించడం అత్యవసరం. పదింటికి వెళితే తర్వాతి ఆటలో కనీసం ఒక దెబ్బ పెరుగుతుంది.

అసలు పిల్లల కళ్ళు ఏ దృశ్యం కోసం పుట్టాయో తెలుసుకోవాలంటే రోడ్డు తవ్వుతున్న చోటికి వెళ్ళాలి. మన నగరాల్లో ఆ సౌకర్యానికి కొరత లేదు. తాగునీటి పైపు కోసం ఒకరు తవ్వి పూడ్చిన చోటనే కేబులు కోసం మరొకరు తవ్వుతూ, బాలల వినోదానికి నిరంతర సేవ చేస్తున్నారు. పసుపు రంగు జేసీబీ తన పొడుగాటి చెయ్యి చాచి, మట్టిని గుప్పిట పట్టి, లారీలో కుమ్మరిస్తుంటే చంకలోని పిల్లవాడు ఊపిరి బిగబట్టి చూస్తాడు. పక్కన నిలబడ్డ తండ్రిని కూడా గమనించండి. చేతులు వెనక్కి కట్టుకుని అతనూ అదే చూస్తుంటాడు. ఇక్కడ ఎవరూ ఎవరి ముఖాన్నీ తిప్పరు, ఏది చూడాలో చెప్పరు, ఫొటోలు తీయరు. ఇది విహారయాత్ర కిందికి రాదని అందరి అభిప్రాయం. కూరగాయలకు వెళుతూ దారిలో ఆగినట్టు లెక్క.

బెలూన్లవాడి ప్రస్తావన లేకుండా ఈ నివేదిక సమగ్రం కాదు. బాలల మనస్తత్వాన్ని ఏ విశ్వవిద్యాలయంలోనూ చదవకుండా సంపూర్ణంగా గ్రహించిన పండితుడు అతనొక్కడే. లోపలికి వెళ్ళే గేటు దగ్గర అతను శక్తిని వృథా చేసుకోడు. బయటికి వచ్చే గేటు దగ్గర, పెద్దల ఓపిక అడుగంటి పిల్లల ఓపిక కొత్తగా మొదలయ్యే సమయానికి, మాట్లాడకుండా నిలబడతాడు. ధర అడిగితే చెబుతాడు గానీ తగ్గించడు, పిల్లవాడి చెయ్యి అప్పటికే దారం మీద ఉందని అతనికి తెలుసు. రేపు సంఘమంటూ వేస్తే దానికి అధ్యక్షుడిగా అతన్ని తప్ప మరొకరిని నియమించడాన్ని నేను అంగీకరించను.

పై పరిశీలనల ఫలితంగా నా ప్రతిపాదన ఇది. జూలో ఒక ఎకరం స్థలం కేటాయించి, చుట్టూ ఎత్తైన కంచె కట్టి, లోపల ఉదయం గొయ్యి తవ్వి సాయంత్రం అదే గొయ్యిని పూడ్చే జేసీబీ ఒకటి, పూర్తిగా మూసుకోని కుళాయి ఒకటి, ఇసుక కుప్ప ఒకటి, కూనల్ని పెట్టిన వీధికుక్క ఒకటి, రోజూ ఉదయాన్నే కొత్త బెల్లం ముక్క పెట్టి పోషించే చీమల బారు, ఊగితే కిర్రుమనే ఇనుప గేటు, ఎక్కడికీ చేర్చని పది మెట్లు ఏర్పాటు చేయాలి. కాకులను ప్రత్యేకంగా తేనక్కర్లేదు, పెరుగన్నం డబ్బా మూత తీస్తే అవే వస్తాయి.

ఇంత వినగానే తెలివైన పాఠకులు ఒక అభ్యంతరం లేవదీస్తారని నాకు తెలుసు. కంచె కట్టి టికెట్టు పెట్టిన మరుక్షణం మూలసూత్రం ప్రకారం పిల్లలకు వీటి మీద కూడా ఆసక్తి పోతుంది కదా అంటారు. పోవాలనే నేను కోరుకుంటున్నాను. ఈ ఎకరానికి జూ మొత్తంలోకీ ఎక్కువ ధర పెట్టాలి. పెద్దలు పిల్లల గడ్డాలు పట్టుకుని, "అదిగో చూడు నాన్నా, జేసీబీ! అదిగో కాకి!" అని గంటల తరబడి బోధించాలి. పులిని మాత్రం టికెట్టు రద్దు చేసి, పేరు బోర్డు తీసేసి, ఈ కంచెకు అవతల, ఎవరూ చూడమని చెప్పని ఒక మూల ఊరికే పడుకోనివ్వాలి. అప్పుడు చూడండి, ఒక్క పిల్లవాడైనా జేసీబీ వైపు తల తిప్పితే నేను ఈ రంగం నుంచి తప్పుకుంటాను.

మిగిలింది వారపు సెలవు సంగతి. ప్రస్తుతం జూకు సోమవారం సెలవు. శనివారం పులి ముందు నిలబడి కాకిని చూసిన పిల్లవాడు, ఆదివారమంతా పులి ఊసే ఎత్తనివాడు, సోమవారం తెల్లవారగానే, తండ్రి ఆఫీసుకు చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఉండగా, పులిని చూడాలని నేల మీద పడి దొర్లుతాడు. సెలవును మంగళవారానికి మార్చే విషయం ప్రభుత్వం పరిశీలించవచ్చు. అయితే ఆ ఉత్తర్వు ఇంకా కార్యాలయాలకు చేరకముందే, పిల్లవాడు సోమవారం నోరు మెదపకుండా ఊరుకుని మంగళవారం మొదలుపెడతాడని అనుభవజ్ఞులైన తల్లులు నాతో అన్నారు.