‘గ్యాస్’ అంటే డాక్టర్‌కు ఏం తెలుస్తుంది?

తిన్నది దిగడం లేదని చెప్పాల్సిన చోట చాలామంది ‘గ్యాస్ పట్టేస్తోంది డాక్టర్’ అంటారు. ఆ మాట వినగానే ఎసిడిటీ మాత్ర రాస్తారు. తగ్గకపోతే డోసు పెంచుతారు. అకలేసియా అనే అరుదైన జబ్బు ఉన్నవాళ్లలో ఎంతోమందికి మొదట జరిగేది ఇదే. అసలు పేరు బయటపడేసరికి కొందరికి ఏళ్లు గడిచిపోతాయి.

ఏడాదికి లక్ష మందిలో సుమారు ఒకరికి కొత్తగా వచ్చే జబ్బు ఇది. మామూలుగా మనం మింగిన ముద్దను అన్నవాహిక కండరాలు అలల్లా కదులుతూ కిందికి నెడతాయి. చివర్లో, జీర్ణాశయం దగ్గరున్న కండరం బిగువు వదిలి దారి ఇస్తుంది. అకలేసియాలో ఈ పనిని నడిపే నరాల కణాలు నశిస్తాయి. అల ఆగిపోతుంది, దారి తెరుచుకోదు. తిన్నది అన్నవాహికలోనే నిలిచిపోతుంది. అది అక్కడే పులిసినా ఛాతీలో మంట వస్తుంది కాబట్టి, రోగీ డాక్టరూ ఇద్దరూ ఎసిడిటీ అనుకోవడంలో వింత లేదు.

అందుకే రోగి ‘గ్యాస్’ అన్న మాట పక్కన పెట్టి, ముద్ద నోట్లో పెట్టుకున్నప్పటి నుంచి ఏం జరుగుతోందో వరసగా చెప్పాలంటాను. మంచినీళ్లు కూడా అడ్డం పడుతున్నాయా? ఇది చాలా విలువైన సమాచారం. దారి క్రమంగా ఇరుకైపోతుంటే ముందు గట్టి పదార్థాలు, తర్వాత ద్రవాలు కష్టమవుతాయి. అకలేసియాలో తరచూ మొదటి నుంచీ రెండూ ఇబ్బంది పెడతాయి. పైకి వచ్చేది పుల్లగా ఉందా, తిన్నది తిన్నట్టే వస్తోందా? పడుకోగానే దగ్గు వస్తోందా? ఎన్ని నెలల్లో ఎంత బరువు తగ్గారు?

వీటికన్నా ముఖ్యమైనవి, రోగి అసలు చెప్పాలని కూడా అనుకోనివి కొన్ని ఉంటాయి. ముద్ద ముద్దకీ నీళ్లు తాగడం, మధ్యలో లేచి నిలబడటం, భుజాలు వెనక్కి విరిచి ముద్దను కిందికి దింపుకోవడం, అందరూ లేచిపోయాక కూడా ఇంకా తింటూ ఉండటం. నలుగురిలో తినడానికి మొహమాటపడి పిలుపులకు వెళ్లడం మానేస్తారు. ఏళ్ల తరబడి చేసి చేసి అదే తమ తీరు అనుకుంటారు. ఇంట్లోవాళ్లకే ఇవి బాగా కనిపిస్తాయి, వాళ్లను వెంట తీసుకెళ్లడం మంచిది.

జబ్బు తీవ్రతను కొలిచే ఎకార్ట్ స్కోరు కూడా రోగి చెప్పే వివరాలతోనే తయారవుతుంది. మింగలేకపోవడం, తిన్నది పైకి రావడం, ఛాతీ నొప్పి, బరువు తగ్గడం. ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా, మొత్తం 12.

డాక్టర్ల తీరు మీదా ఒక మాట చెప్పాలి. ముందు ఎండోస్కోపీ చేయడం సరైనదే, క్యాన్సర్ లాంటిది లేదని తేల్చుకోవాలి. కానీ ‘రిపోర్టు నార్మల్, అంతా టెన్షన్ వల్లే’ అని అక్కడితో ఆపేస్తే రోగికి అన్యాయం జరిగినట్టే. తొలి దశలో ఎండోస్కోపీ మామూలుగానే కనిపించవచ్చు. కండరాల పనితీరును కొలిచేది మానోమెట్రీ. బేరియం మింగించి తీసే ఎక్స్‌రేలో అన్నవాహిక చివర పక్షి ముక్కులా సన్నబడి కనిపిస్తుంది. మందు వాడినా తగ్గనప్పుడు ‘ఇది ఎసిడిటీ కాకపోతే ఇంకేం కావచ్చు, ఏ పరీక్షతో తేలుతుంది?’ అని అడగడం డాక్టర్‌ను తప్పుపట్టడం కాదు.

జబ్బు తేలాక కూడా అడగాల్సినవి ఉంటాయి. పోయిన నరాల కణాలు తిరిగి రావు, చికిత్సంతా బిగుసుకున్న కండరాన్ని వదులు చేయడానికే. బెలూన్‌తో సాగదీస్తారు, లేదా 1913లో హెల్లర్ మొదలుపెట్టిన సర్జరీతో కోస్తారు. 2008లో జపాన్‌లో ఇనోవే మొదటిసారి చేసిన ‘పోయెమ్’ పద్ధతిలో నోటి ద్వారా ఎండోస్కోప్ పంపి అదే పని చేస్తారు. దారి తెరుచుకున్నాక జీర్ణాశయంలోని యాసిడ్ పైకి ఎగదన్నవచ్చు. పోయెమ్ తర్వాత ఈ సమస్య ఎక్కువ. అంతకుముందు పనిచేయని ఎసిడిటీ మాత్రే అప్పుడు కొందరికి నిజంగా అవసరమవుతుంది. ఎన్నాళ్లు వేసుకోవాల్సి రావచ్చో చికిత్స ఎంచుకునే ముందే డాక్టర్‌ను అడగాలి.