ఖాళీ రోడ్డుకు బాధ్యులెవరు?

స్వీడన్ ప్రభుత్వం మీద, అక్కడి రైతుల మీద, రెండు వందల ఏళ్ల కిందటి వాళ్ల ఇంజినీర్ల మీద కలిపి నాదొక ఫిర్యాదు. దేశంలో దాదాపు 70 శాతం అడవి, లక్షకు దగ్గరగా సరస్సులు, వాటి మధ్య సైకిలు ఎంత తొక్కినా తరగని కంకర రోడ్లు. ఇన్ని పెట్టుకుని ఆ రోడ్ల మీద జనాన్ని పెట్టడం మాత్రం మర్చిపోయారు. చదరపు కిలోమీటరుకు పట్టుమని పాతిక మంది ఉండే దేశంలో జనాన్ని ఎక్కడి నుంచి తెచ్చి పెడతారని మీరు అడగొచ్చు. అది సాకు. మనసుంటే మార్గం ఉంటుంది. ఇక్కడ మార్గం ఉంది, మనుషులే లేరు.

పోనీ దీన్ని లోపమని ఒప్పుకుంటారా అంటే, విశేషమని చెప్పుకుంటున్నారు. జర్మనీ నుంచీ నెదర్లాండ్స్ నుంచీ జనం కార్ల వెనక సైకిళ్లు కట్టుకుని మరీ ఈ ఖాళీని చూడటానికి వస్తున్నారు. కంకర మీద జారకుండా నలభై మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు వేసిన సైకిళ్లు అవి. ధర చెబితే మీరు నమ్మరు, నేను చెప్పను. గంటసేపు తొక్కినా ఒక్క వాహనం ఎదురుకాకపోతే దాన్ని వాళ్లు ప్రశాంతత అంటున్నారు. మన రోడ్డు మీద గంటసేపు ఏ బండీ కనబడకపోతే, ఇవాళ బంద్ ఎవరు పిలిచారని వాకబు చేస్తాం. ఎవరిది సామాజిక స్పృహో పాఠకులే తేల్చుకోవాలి.

చట్టపరంగా చూసినా ఇది పొసగని వ్యవహారం. స్వీడన్‌లో సైకిలుకు గంట ఉండి తీరాలని నిబంధన. ఆ గంట ఎవరికి కొట్టాలో నిబంధనల్లో లేదు. మా మేనల్లుడొకడు జేఎన్‌టీయూ ఒప్పందం పుణ్యమా అని కార్ల్స్‌క్రోనాలోని బీటీహెచ్ అనే సాంకేతిక విశ్వవిద్యాలయానికి చదువుకు వెళ్లి, ఎంతోమంది తెలుగు పిల్లల్లాగే ఆ ఊరి చలికి అలవాటు పడి, అక్కడే ఉద్యోగంలో కుదురుకున్నాడు. ఇప్పుడు వాడికీ ఈ సైకిలు పిచ్చి పట్టింది. పొద్దున బయల్దేరి సాయంత్రం దాకా తొక్కుతాడు, చూడ్డానికి వెళ్లిన నన్నూ వెంట తొక్కించాడు. గంట బిగుసుకుపోకుండా మధ్యమధ్యలో చెట్లకు వినబడేలా కొడుతుంటాడు. హైదరాబాద్ పిల్లాడు, హారన్ వినకుండా ఎంతసేపని ఉండగలడు?

ఈ ఖాళీ దానంతటదే వచ్చిందనుకుంటే పొరపాటు. తవ్వుకుంటూ పోతే రెండు శతాబ్దాల పకడ్బందీ పథకం బయటపడుతుంది. స్వీడన్‌లో రవాణా కోసం ఏ మహత్కార్యం తలపెట్టినా, అది చివరికి సైకిలు దారిగా తేలాల్సిందే. ఒక్కో తరం చెమటోడ్చి ఏదో ఒకటి కట్టడం, తర్వాతి తరం దాన్ని మూసేయడం, ఆ తర్వాతి తరం దాని మీద ఫ్లాస్కుతో కాఫీ పట్టుకుని సైకిలెక్కడం. వరస తప్పదు.

యోటా కాలువ సంగతే చూడండి. సముద్రంలో డెన్మార్క్ వాడికి సుంకం కట్టకుండా దేశం మధ్య నుంచే పడవలు నడుపుకుందామని బాల్ట్‌సార్ ఫాన్ ప్లాటెన్ అనే దొరవారు సంకల్పించారు. 1810లో పని మొదలైంది. 58 వేల మంది సైనికులు పారలూ గునపాలూ పట్టారు. 190 కిలోమీటర్ల జలమార్గం, అందులో 87 కిలోమీటర్లు మనుషులు తవ్వింది, 58 లాకులు. దొరవారు 1829లో కన్నుమూశారు, కాలువ 1832లో తెరుచుకుంది. సరుకుల పడవలు సవ్యంగా సాగుతున్నాయి అనుకునేలోగా, 1857లో డెన్మార్క్ ఆ సుంకమే ఎత్తేసింది. అదే రోజుల్లో రైళ్లూ వచ్చాయి. కాలువకు పని పోయింది. కానీ పడవలను లాగడానికి ఎడ్లూ గుర్రాలూ నడిచిన గట్టు దారి మిగిలింది. చెట్ల నీడ, పక్కనే నీళ్లు, ఎగుడు దిగుళ్లు లేని మెత్తని కంకర. 58 వేల మంది సైన్యం ఏ యుద్ధం కోసమో తవ్వుతున్నామనుకుని ఉంటారు. పాపం, రెండు శతాబ్దాల తర్వాత ఓ డచ్చి దంపతుల వేసవి సెలవుల కోసం తవ్వామని వాళ్లకెవరు చెబుతారు? కాలువలో ఇప్పుడు తిరిగేవి విహార పడవలే. లాకుల దగ్గర తాళ్లు పట్టుకోవడం చేతకాక మొగుడూ పెళ్లాలు కేకలేసుకుంటారని దానికి విడాకుల కాలువ అని పేరు పడింది. ఆ మొత్తం దారిలో కాస్త సందడి వినిపించేది అక్కడే. అందుకు వాళ్లను అభినందిస్తున్నాను.

కాలువను దెబ్బకొట్టిన రైలు సుఖపడిందా? అదీ లేదు. కార్లూ లారీలూ రాగానే ఊరూరా తిరిగే చిన్న రైలు మార్గాలను ఒక్కొక్కటిగా మూసేశారు. పట్టాలు పీకి, కట్ట మాత్రం ఉంచారు. పశ్చిమ తీరాన హాల్మ్‌స్టాడ్ నుంచి స్మోలాండ్ అడవుల మీదుగా మా మేనల్లుడి కార్ల్స్‌క్రోనా దాకా 250 కిలోమీటర్ల సైకిలు దారి ఉంది. చాలా భాగం అలాంటి పాత రైలు కట్టే. రైలింజను నిటారు ఎత్తు ఎక్కలేదు, గబుక్కున మలుపు తిరగలేదు. ఆవిరింజను ఆయాసపడకూడదని నాటివాళ్లు కొండను తొలిచి, పల్లాన్ని పూడ్చి చదును చేసిన దారి, నా వయసు మోకాళ్లకు అతికినట్టు సరిపోయింది. దీన్ని ముందుచూపు అంటారో, ప్రజాధన దుర్వినియోగం అంటారో ఆడిట్ వాళ్లు చెప్పాలి. క్లారెల్వెన్ నది పక్కన కార్ల్‌స్టాడ్ నుంచి హాగ్‌ఫోర్స్ దాకా ఇలాంటిదే ఇంకో 90 కిలోమీటర్ల రైలు దారి ఉంది గానీ, దానికి తారు పూశారు. కంకర భక్తులు దాని పేరెత్తితేనే మొహం చిట్లిస్తారు.

ఆ క్లారెల్వెన్‌లోనే 1991 దాకా దుంగలు నీళ్లలో కొట్టుకొచ్చేవి. అంతకుముందే మిగతా నదుల్లో ఆ పద్ధతి ఆగిపోయి, కలప లారీలెక్కింది. లారీకి రోడ్డు కావాలి. అలా అడవుల్లోకి వేసుకున్న కంకర రోడ్లు ఇవాళ రెండు లక్షల కిలోమీటర్ల పైమాటే. ఒక చోట చెట్లు కొడితే మళ్లీ అక్కడ కొట్టే చెట్లు ఎదగడానికి డెబ్బయి ఎనభై ఏళ్లు పడుతుంది. ఈలోగా ఆ రోడ్డుకు వేరే పనేముంది? మధ్యలో గడ్డి, అటూ ఇటూ చక్రాల జాడలు, అంతే. పని పడిన రోజు మాత్రం అరవై టన్నులు దాటిన కలప లారీ దుమ్ము లేపుకుంటూ వస్తుంది. మేనల్లుడు గబగబా గడ్డిలోకి దిగి నిలబడతాడు. నాకైతే ఆ లారీని చూడగానే సొంత ఊరు చూసినంత సంబరం వేసింది. డ్రైవరు వేగం తగ్గించి, చెయ్యెత్తి నమస్కారంగా ఊపి, దుమ్ము రేగకుండా మెల్లగా వెళ్లిపోయాడు. ఆ సంబరం కూడా మిగల్చలేదు.

స్మోలాండ్ అడవిలో ఇంకో సాక్ష్యం దొరికింది. దారి పక్కన, దట్టమైన స్ప్రూస్ చెట్ల మధ్య, మోకాలెత్తు రాతి గోడలు. నాచు పట్టి, తలగడల్లా ఉబ్బి ఉన్నాయి. చెట్ల మధ్య కంచె గోడ ఎవరికి? పొలాల గోడలట అవి. రాళ్ల నేల, ఏరిన కొద్దీ రాళ్లే. ఏరినవన్నీ గట్టున పేర్చి, ఆ గట్ల మధ్య రై అనే ధాన్యం గింజలు చల్లుకుని బతికారు. బతకలేక పోయినవాళ్లు అమెరికా ఓడెక్కారు. పంతొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి 1930 దాకా స్వీడన్ నుంచి సుమారు 13 లక్షల మంది వెళ్లిపోయారు. ఊరికో కుర్రాణ్ణి అమెరికా పంపడంలో మనమే మొనగాళ్లమనుకుంటున్నాం గానీ, వీళ్లు మనకంటే ఎన్నో తరాల ముందే ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేశారు. చాలాచోట్ల ఆ పొలాల్లోనే ఇప్పుడు అడవి.

అసలు ముద్దాయి మాత్రం చట్టమే. ఎవరి అడవిలోనైనా ఎవరైనా నడవొచ్చు, సైకిలు తొక్కొచ్చు, ఓ రాత్రి గుడారం వేసుకోవచ్చు, బ్లూబెర్రీలు కోసుకోవచ్చు. ఇళ్ల దాపుకు పోకూడదు, ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదు, దేన్నీ పాడు చేయకూడదు. తరాల నుంచీ వస్తున్న ఈ హక్కును 1994లో రాజ్యాంగంలోనే రాసేసుకున్నారు. దానికి తోడు ఒక తిరకాసు. ప్రైవేటు రోడ్డు బాగుకు ప్రభుత్వం డబ్బిస్తుంది, కానీ తీసుకుంటే అందరి కార్లనూ రానివ్వాలి. మాకొద్దు మీ డబ్బు అన్నవాళ్లు మోటారు బండ్లు రాకుండా గేటు పెట్టుకోవచ్చు. ఆ గేటు పక్కనే సైకిలు పట్టేంత సందు ఉంటుంది. అంటే ఏ రోడ్డు ప్రభుత్వ సొమ్మును కాదందో, సైకిలువాడికి అదే స్వర్గం. గ్రాంటు వద్దని చెప్పే పంచాయతీ ఒకటి ఉంటుందన్న ఊహే మనకు ఒళ్లు జలదరింపజేస్తుంది.

మరి రోడ్డు బాగుచేసేదెవరు? రోడ్డు పొడవునా ఇళ్లూ అడవులూ ఉన్నవాళ్లే ఒక సంఘంగా ఏర్పడి చేసుకుంటారు. ఏటా మీటింగు. ఎవరి వాటా ఎంతో టన్ను కిలోమీటర్ల లెక్కన తేలుస్తారు. ఎంత బరువు బండి, ఎంత దూరం, ఏడాదికి ఎన్నిసార్లు అని. కలప రవాణా చేసే అడవి యజమాని ఎక్కువ కట్టాలి, వేసవిలో వారం రోజులుండే ఇంటివాడు తక్కువ. మంచు కరిగాక రోడ్డు చదును చేసే గ్రేడరు తెచ్చి గీకించి, దుమ్ము లేవకుండా ఒక రకం ఉప్పు చల్లించి, వీలు చూసుకుని అందరూ పారలతో దిగి పక్క కాలువల్లో ఆకులు తీస్తారు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్న మన సామెత వాళ్ల చెవిన ఎవరూ వేసినట్టు లేరు. పైగా ఇంత లెక్కలోనూ సైకిలువాడి టన్నుల ఊసే లేదు. నా బరువు విషయంలో ఇది మర్యాదో నిర్లక్ష్యమో తెలియలేదు.

తిండీ నీళ్ల సంగతి చెప్పి ముగిస్తాను. కొట్టు అనేది ఉంటే పాతిక కిలోమీటర్ల అవతల ఉంటుంది, చేరేసరికి మూసి ఉంటుంది. మధ్యాహ్నం బాటిళ్లు ఖాళీ అయ్యాయి. అడవి మధ్య తెల్లటి చర్చి కనబడగానే మేనల్లుడు సైకిలు గోడకు ఆనించాడు.

"మామయ్యా, మీ బాటిలు కూడా ఇవ్వండి, నింపుకొస్తాను."

"ఒరేయ్, అది శ్మశానంరా!"

"అవును మామయ్యా. అక్కడే కుళాయి ఉంటుంది."

సమాధుల మీది పూలమొక్కలకు నీళ్లు పోయడానికి పెట్టిన కుళాయి. పక్కన చువ్వకు పచ్చ ప్లాస్టిక్ నీళ్ల డబ్బాలు వరసగా వేలాడుతున్నాయి. ఇక్కడ సైకిళ్లవాళ్లందరూ ఇలాగే పట్టుకుంటారట. మనం శ్మశానానికి వెళ్లొస్తే తలస్నానం చేస్తే గాని గడప దాటం, వీడు అక్కడి నీళ్లు గటగటా తాగి "భలే చల్లగా ఉన్నాయి" అంటున్నాడు. మా అక్కకు ఈ విషయం చెప్పొద్దని మాట తీసుకున్నాడు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఒక్క మాట ఒప్పుకోవాలి: ఆ రోజు దారి మొత్తం మీద జనసమ్మర్దం ఉన్న చోటు అదొక్కటే.

దోమల గురించి రాయను. సైకిలు ఆపితే వాటికి తెలుస్తుంది.

ఇంతకీ తాజా అన్యాయం ఇది. స్టాక్‌హోమ్ నుంచి యోటెబోరి వైపు, మాల్మో వైపు హైస్పీడు రైళ్ల కోసం కొత్త మార్గాలు వేయాలని ఏళ్ల తరబడి ప్రణాళికలు గీశారు. 2022 డిసెంబరులో కొత్త ప్రభుత్వం ఖర్చెక్కువని చెప్పి వాటిలో చాలా భాగానికి స్వస్తి పలికింది. కట్టి మూసేయడం ఆ దేశ సంప్రదాయం. కట్టకుండానే మూసేయడం ఎక్కడి పద్ధతి? వంతెనలు కట్టాలి, సొరంగాలు తవ్వాలి, ఓ వందేళ్లు నష్టాల్లో నడపాలి, ఆ తర్వాత కదా పట్టాలు పీకి కంకర పోసేది. గంటకు 250 కిలోమీటర్ల వేగానికి సరిపడా చదును చేసిన కట్ట మీద తొక్కే భాగ్యాన్ని ఒక్క సంతకంతో కాలరాసినందుకు, 2150లో అటు సైకిలు మీద వెళ్లబోయే తెలుగువారందరి తరఫునా తీవ్రంగా ఖండిస్తున్నాను.