కాలేజీ బేస్‌బాల్: బ్యాట్ జోలికి పోవద్దు, బంతి కుట్టు చూడండి

1998లో అమెరికాలోని ఒమాహాలో జరిగిన కాలేజీ వరల్డ్ సిరీస్ (కాలేజీ బేస్‌బాల్ జాతీయ టోర్నీ) ఫైనల్లో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ 21 పరుగులు చేసింది, అరిజోనా స్టేట్ 14 చేసింది. బేస్‌బాల్‌లో ఒక జట్టు ఐదారు పరుగులు చేస్తే మంచి స్కోరే. అలాంటిది ఆ ఒక్క మ్యాచ్‌లో 35 వచ్చాయి. ఆ టోర్నీ మొత్తంలో 62 హోమ్ రన్లు, అంటే క్రికెట్ సిక్సర్‌లా బంతిని కంచె దాటించే షాట్లు, కొట్టారు. పదిహేనేళ్ల తర్వాత, 2013లో, అదే ఊళ్లో అదే టోర్నీ మొత్తానికి వచ్చిన హోమ్ రన్లు మూడే మూడు.

ఆడింది అదే వయసు పిల్లలు. బంతి విసిరే పిచర్ నిలబడే చోటు నుంచి బ్యాటర్ దగ్గరుండే ప్లేట్‌కి దూరం అప్పుడూ ఇప్పుడూ 60 అడుగుల 6 అంగుళాలే. ఫీల్డ్‌లో తొమ్మిది మందే. ఆట ఎలా ఆడాలో చెప్పే నిబంధనలు పెద్దగా మారలేదు. చేతిలో ఏ బ్యాట్ ఉండాలి, ఏ బంతి వాడాలి అన్నవే మారాయి. కాలేజీ బేస్‌బాల్‌లో నిబంధనల మార్పు అంటే నేను మొదట చూసేది వీటినే. ఇప్పుడు హోమ్ రన్లు మళ్లీ కుప్పలుగా వస్తున్నాయి, బ్యాట్ల నిబంధనలను ఇంకా బిగించాలన్న మాట వినిపిస్తోంది. అది పొరపాటని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

అమెరికా కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ 1974 నుంచి లోహపు బ్యాట్లను అనుమతించింది. చెక్క బ్యాట్ విరిగిపోతుంది, ప్రతిసారీ కొత్తది కొనాలంటే కాలేజీలకు ఖర్చు. లోహపుది చాలాకాలం మన్నుతుంది. కానీ దాని లోపల బోలు. బంతి తగలగానే పలచటి గోడ కాస్త లోపలికి వంగి, తిరిగి పైకి తన్నుతుంది. ట్రాంపొలిన్ మీద దూకిన పిల్లాడు ఎగిరినట్టు బంతి ఎగిరిపోతుంది. దానికి తోడు బ్యాట్ తేలిక. 1990లలో 34 అంగుళాల బ్యాట్ 29 ఔన్సులే ఉండేది. తేలికైన బ్యాట్‌ని ఎంత వేగంగానైనా తిప్పొచ్చు. లూసియానా స్టేట్ జట్టు 1997 ఒక్క సీజన్‌లో 188 హోమ్ రన్లు కొట్టింది. ఈ రకం ఆటకు అమెరికాలో గొరిల్లా బాల్ అని పేరు పడింది.

1998 ఫైనల్ చూశాక ఎన్‌సీఏఏ కదిలింది. బరువు పెంచారు, బ్యాట్ లావు తగ్గించారు, బంతి బ్యాట్‌ని వదిలే వేగానికి పరిమితి పెట్టారు. అయినా తయారీ కంపెనీలు కొత్త దారులు వెతుక్కుంటూనే ఉన్నాయి. చివరికి 2011లో బీబీకోర్ అనే ప్రమాణం వచ్చింది. బ్యాట్ గోడ బంతిని ఎంత తన్నుతుందో కొలిచి, ఆ విలువ 0.50 దాటకూడదన్నారు. అంటే లోహపు బ్యాట్ కూడా దాదాపు చెక్క బ్యాట్‌లాగే ప్రవర్తించాలి.

ఈ నిర్ణయం ముమ్మాటికీ సరైనదే. బంతి విసిరిన ఊపులో పిచర్ ముందుకు వస్తాడు, బ్యాటర్‌కి ఇంకా దగ్గరవుతాడు. తల పైకెత్తేలోపే బంతి తిరిగొస్తుంది. 2003లో మోంటానాలో పద్దెనిమిదేళ్ల కుర్రాడొకడు పిచింగ్ చేస్తుండగా అల్యూమినియం బ్యాట్ నుంచి దూసుకొచ్చిన బంతి తగిలి చనిపోయాడు. అది కాలేజీ మ్యాచ్ కాదు. అయినా ఆ వార్త చదివిన ఏ తల్లిదండ్రులైనా స్కోరుబోర్డు గురించి ఆలోచించరు. క్రికెట్‌లో 1979లో పెర్త్‌లో డెనిస్ లిల్లీ అల్యూమినియం బ్యాట్‌తో దిగితే పెద్ద గొడవైంది, తర్వాత బ్యాట్ చెక్కదే అయి ఉండాలని నిబంధన రాసేశారు. బేస్‌బాల్ ఆ మాట చెప్పడానికి, అదీ సగమే చెప్పడానికి, ఇంకో మూడు దశాబ్దాలు తీసుకుంది.

అయితే ఆట మాత్రం ఉక్కిరిబిక్కిరైంది. 2010లో ఒక జట్టు మ్యాచ్‌కు సగటున 0.94 హోమ్ రన్లు కొట్టేది. 2011లో అది 0.52కి, 2014 నాటికి 0.39కి పడిపోయింది. పరుగులు ఒక్క ఏడాదిలోనే సగటున 6.98 నుంచి 5.58కి దిగాయి. సరిగ్గా 2011లోనే టోర్నీ పాత రోజెన్‌బ్లాట్ స్టేడియం వదిలి కొత్త స్టేడియానికి మారింది. అక్కడ దక్షిణపు గాలి బ్యాటర్ ముఖానికి కొడుతుంది. 2013లో యూసీఎల్‌ఏ జట్టు ఆడిన ఐదు మ్యాచ్‌ల్లో ఇచ్చిన పరుగులు నాలుగే. జట్టు బ్యాటింగ్ సగటు .227, అంటే నాలుగు ప్రయత్నాలకు ఒక హిట్ కూడా లేదు. అయినా టైటిల్ గెలిచింది.

ఆ జట్టు గొప్పగా బంతులు వేసింది, గొప్పగా ఫీల్డింగ్ చేసింది. దాన్ని తక్కువ చేయను. కానీ ఒక్క పరుగే మ్యాచ్ అయినప్పుడు కోచ్‌లు ఏం చేస్తారో చూడండి. మొదటి బేస్‌లో మనిషి ఉంటే చాలు, తర్వాతి బ్యాటర్‌ని బంతిని మెల్లగా నేలకు తట్టమంటారు. అదే బంట్. అతను ఔటైపోతాడు, బేస్‌లో ఉన్నవాడు ఒక మెట్టు ముందుకెళ్తాడు. ఎప్పుడో ఒకసారి చేస్తే అది తెలివైన ఎత్తుగడ. ప్రతి మ్యాచ్‌లో అదే చేస్తే కుర్రాడు గట్టిగా బ్యాట్ తిప్పడమే మానేస్తాడు. బలంగా కొట్టిన బంతి కంచె దగ్గర క్యాచ్ అవుతుంటే వాడు మాత్రం ఎన్నిసార్లు ప్రయత్నిస్తాడు?

ఇక్కడే ఎన్‌సీఏఏ చేసిన పని నాకు బాగా నచ్చింది. బ్యాట్లను వెనక్కి తీసుకెళ్లలేదు. 2013 నవంబర్‌లో బంతిని మార్చాలని నిర్ణయించి, 2015 సీజన్ నుంచి అమల్లో పెట్టింది. అప్పటిదాకా కాలేజీ బంతి మీద కుట్టు 0.048 అంగుళం ఎత్తు ఉండేది. దాన్ని 0.031కి తగ్గించారు. ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో కింది స్థాయి అయిన మైనర్ లీగ్ బంతికి ఉండే ఎత్తు అదే. తేడా మిల్లీమీటరులో సగం కూడా లేదు.

క్రికెట్ చూసేవాళ్లకు ఈ సంగతి తేలిగ్గానే తడుతుంది. ఇంగ్లండ్‌లో చేత్తో కుట్టిన డ్యూక్స్ బంతి చాలాసేపు స్వింగ్ అవుతుంది. ఆస్ట్రేలియాలో కూకబుర్రా సీమ్ త్వరగా అణిగిపోతుంది, ఆ తర్వాత బ్యాటర్ల పని సులువు. బేస్‌బాల్‌లోనూ కుట్టు ఎత్తుగా ఉంటే గాలి బంతిని ఎక్కువ పట్టి ఆపుతుంది. పిచర్ వేళ్లకూ మంచి పట్టు దొరుకుతుంది.

వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ ల్యాబ్‌లో రెండు రకాల బంతులనూ గంటకు 95 మైళ్ల వేగంతో, 25 డిగ్రీల కోణంలో యంత్రంతో వదిలారు. పాత బంతి 367 అడుగులు వెళ్లింది, కొత్తది 387 అడుగులు. ఇప్పుడు ఒమాహా స్టేడియం కొలతలు చూడండి. ఎడమ, కుడి మూలలకూ మధ్య భాగానికీ నడుమ కంచె 375 అడుగుల దూరంలో ఉంటుంది. పాత బంతి కంచె ముందు ఫీల్డర్ చేతిలో పడుతుంది, కొత్త బంతి ప్రేక్షకుల మధ్య పడుతుంది. ఆ 2015 సీజన్‌లోనే హోమ్ రన్ల సగటు 0.39 నుంచి 0.56కి పెరిగింది. పిచర్ తలకు వచ్చే ప్రమాదం మళ్లీ పాత బ్యాట్ల రోజులకు పోలేదు. ఆట మాత్రం ఊపిరి పీల్చుకుంది.

మరి ఇప్పుడేమైంది? 2024లో టెన్నెసీ యూనివర్సిటీ జట్టు 184 హోమ్ రన్లు కొట్టి టైటిల్ గెలిచింది. లూసియానా స్టేట్ పాత రికార్డుకు నాలుగే తక్కువ. బ్యాట్‌కి అదే బీబీకోర్ ప్రమాణం, బంతికి అదే తక్కువ ఎత్తు కుట్టు. అంటే కారణం మైదానం బయట ఉంది.

2020లో కోవిడ్‌తో సీజన్ రద్దైంది, ఆటగాళ్లకు కాలేజీలో ఆడేందుకు ఒక ఏడాది అదనంగా ఇచ్చారు. ప్రొఫెషనల్ జట్లు కొత్త కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌ని 40 రౌండ్ల నుంచి 20కి కుదించారు. దాంతో ఒకప్పుడు మైనర్ లీగ్‌లకు వెళ్లిపోయే కుర్రాళ్లు కాలేజీలోనే ఉండిపోయారు. 2021లో ఇంకో రెండు తలుపులు తెరుచుకున్నాయి. ఏడాది ఖాళీగా కూర్చోకుండా ఒకసారి వేరే కాలేజీకి మారొచ్చన్నారు. తన పేరుతో, బొమ్మతో ఆటగాడు డబ్బు సంపాదించుకోవచ్చన్నారు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల కండబలం ఉన్న మగాళ్లు పెద్ద జట్లలో పోగయ్యారు. దానికి తోడు ప్రతి బంతి వేగాన్నీ కోణాన్నీ కొలిచే యంత్రాలతో శిక్షణ. హోమ్ రన్లు పెరగక ఏం చేస్తాయి? పిచర్ల వైపూ ఇదే జరిగింది. ఎయిర్ ఫోర్స్ అకాడమీ నుంచి లూసియానా స్టేట్‌కి మారిన పాల్ స్కీన్స్ 2023లో 209 సార్లు బ్యాటర్లను స్ట్రయికౌట్ చేశాడు, అంటే మూడు స్ట్రయిక్‌లతో ఔట్ చేశాడు, ఆ ఏడాది టైటిల్ ఆ జట్టుదే.

నాకు టెన్షన్ పెడుతున్నది ఈ పోగుపడటమే. తొమ్మిది ఇన్నింగ్స్ ఆడాల్సిన మ్యాచ్‌ని, ఏడు తర్వాత పది పరుగుల తేడా ఉంటే ఆపేసే నిబంధన సౌత్ఈస్టర్న్ కాన్ఫరెన్స్ (పెద్ద కాలేజీల లీగ్) లాంటి బలమైన చోట్ల కూడా వచ్చేసింది. చాలా ఏళ్లపాటు ఒక జట్టు మొత్తానికి 11.7 స్కాలర్‌షిప్‌లే ఉండేవి, వాటినే ముక్కలు చేసి పంచేవారు. ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసులో 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన రాజీ ఒప్పందంతో, అందులో చేరిన కాలేజీలకు ఆ పరిమితి పోయి 34 మంది ఆటగాళ్ల పరిమితి వచ్చింది. పేదింటి కుర్రాడికి పూర్తి స్కాలర్‌షిప్ దొరికే వీలు కలగడం మంచి విషయం. కానీ 34 మందికీ పూర్తిగా ఇవ్వగల కాలేజీలు ఎన్ని? చిన్న కాలేజీలో మూడేళ్లు కష్టపడి పైకొచ్చిన పిచర్‌ని నాలుగో ఏడాది పెద్ద కాలేజీ పట్టుకెళ్తుంది. బ్యాట్‌ని ఎంత బిగించినా ఈ తేడా తగ్గదు. బలమైన కుర్రాడు ఆ బ్యాట్‌తోనూ కొడతాడు, బలహీన జట్టు కుర్రాడే మళ్లీ బంట్‌కు దిగుతాడు. 2014లో చూసింది అదే కదా.

తగ్గించాల్సిందే అనుకుంటే కుట్టు ఉంది. అంగుళంలో కొన్ని వెయ్యో వంతులు పెంచి చూడొచ్చు, ల్యాబ్‌లో పరీక్షించి, 2013లో చేసినట్టు ముందే చెప్పి. కొత్త బ్యాట్లు కొనే ఖర్చు ఏ కాలేజీకీ ఉండదు. తప్పైతే వెనక్కి తీసుకోవడమూ తేలిక.

తొందర మాత్రం లేదు. 2025 జూన్‌లో ఒమాహాలో ఫైనల్ సిరీస్ తొలి మ్యాచ్. లూసియానా స్టేట్ ఎడమచేతి పిచర్ కేడ్ ఆండర్సన్ తొమ్మిది ఇన్నింగ్స్‌లూ తానే వేశాడు, 130 బంతులు. ఎదురుగా వరసగా 26 మ్యాచ్‌లు గెలిచి వచ్చిన కోస్టల్ కరోలినా. లూసియానా స్టేట్ 1-0తో గెలిచింది. తొలి ఇన్నింగ్స్‌లో వచ్చిన ఆ ఒక్క పరుగే చివరిదాకా నిలిచింది.